నర్సమ్మ మాట చెల్లాలంటే

ఆస్పత్రి వార్డులో ఎవరి మాట చెల్లుతుంది? పెద్ద డాక్టరుగారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రౌండ్స్‌కు వస్తారు. వెంట వచ్చిన చిన్న డాక్టర్లు కేస్ షీటులో నాలుగు ముక్కలు రాసి పోతారు. మిగిలిన వేళంతా రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సే. సెలైన్ ఎప్పుడు అయిపోయిందో, జ్వరం ఏ రాత్రివేళ పెరిగిందో, ఏడో నంబరు మంచం మీది ముసలాయన అన్నం ఎందుకు ముట్టలేదో ఆమెకే తెలుస్తుంది. అయినా ఆమె చెప్పిన పని వెంటనే చేయాలా, టీ తాగి వచ్చి చేయాలా అన్నది వార్డుబాయ్ ఇష్టం. చూడటానికి వచ్చినవాళ్లు వెళ్లే వేళయిందని ఆమె అంటే, డాక్టరుగారితో మాట్లాడుకుంటాంలే అంటారు బంధువులు. బాధ్యతంతా ఒకరి నెత్తిన, అధికారం మరొకరి చేతిలో ఉంటే పని ఎక్కడ కుంటుపడుతుందో ఏ ఆస్పత్రిలోనైనా ఒక రాత్రి కూర్చుంటే అర్థమవుతుంది.

మామూలు ఆస్పత్రిలో ఇది చిరాకు. యుద్ధరంగపు ఆస్పత్రిలో ఇదే ప్రాణాల మీదికి వస్తుంది. అమెరికా సైన్యంలో నర్సుల విభాగం, అంటే ఆర్మీ నర్స్ కోర్, 1901 ఫిబ్రవరి 2న ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో 20 వేల మందికి పైగా నర్సులు ఆ సైన్యానికి సేవ చేశారు. వాళ్లకు యూనిఫాం ఉంది, ర్యాంకు లేదు. సైన్యంలో ర్యాంకు లేనివారి మాట ఆజ్ఞ కాదు, అభ్యర్థన. వార్డులో పనిచేసే సిపాయిలు నర్సు చెప్పినట్టు చేస్తే చేసినట్టు, లేకుంటే లేదు. మాకు ర్యాంకు కావాలని నర్సులు యుద్ధం తర్వాత చట్టసభ గడప తొక్కింది అందుకే. భుజం మీద తళుకు కోసం వాళ్లు అడగలేదు, మంచం మీద ఉన్నవాడికి వేళకు మందు అందడం కోసం అడిగారు.

1920లో వాళ్లకు దక్కింది అరకొర ర్యాంకు. సెకండ్ లెఫ్టినెంట్ నుంచి మేజర్ దాకా బిళ్లలు పెట్టుకోవచ్చు. ఆ హోదాలో ఉన్న మగ అధికారికి వచ్చే జీతం, హక్కులు మాత్రం రావు. పెళ్లిలో పెద్దరికం కట్టబెట్టి బంతిలో విస్తరి వేయడం మరిచినట్టన్నమాట. పూర్తి కమిషన్ కోసం, అంటే మిగతా అధికారులతో సమానమైన హోదా కోసం, 1944 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ యుద్ధకాలానికే. 1947లో చట్టం వచ్చాక ఫ్లోరెన్స్ బ్లాంచ్‌ఫీల్డ్ అమెరికా సైన్యంలో శాశ్వత కమిషన్ పొందిన మొదటి మహిళ అయ్యారు. అప్పుడూ ఒక కప్పు మిగిలే ఉంది. నర్సుల అధిపతి కల్నల్ దాకా ఎదగవచ్చు, ఆ పైన లేదు. జనరల్ అనే హోదా ఆడవాళ్లకు చట్టం ప్రకారమే అందనిది. ఆ కప్పు ఊడాక తొలిసారి ఆ హోదా అందుకున్న ఆనా మే హేస్ కథ తెలుసుకోదగ్గది. ఆ కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన దేశపు నేల మీదే నడిచింది కూడా.

ఆమె 1920 ఫిబ్రవరి 16న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పుట్టారు. పుట్టింటి పేరు ఆనా మే మెకేబ్. తల్లిదండ్రులిద్దరూ సాల్వేషన్ ఆర్మీలో అధికారులు. ఆ సంస్థ పేరులో సైన్యం ఉన్నా, దాని పని బీదసాదల సేవ, దైవప్రచారం. పిల్లలను వెంటబెట్టుకుని ఊళ్లు మారుతూ చివరికి పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో స్థిరపడ్డారు. ఆ పిల్లకు ప్రాణమంతా సంగీతం మీద. పియానో వాయించేది, చర్చిలో ఆర్గన్ వాయించేది, ఫ్రెంచ్ హార్న్ ఊదేది. న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో చదవాలని కోరిక. ఆర్థిక మాంద్యపు రోజుల్లో అంత ఫీజు కట్టే శక్తి ఇంట్లో లేదు. ఆలెన్‌టౌన్ జనరల్ ఆస్పత్రి వారి నర్సింగ్ స్కూల్లో చేరి 1941లో డిప్లొమా పుచ్చుకున్నారు. ఆ డిసెంబరులోనే పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి. 1942 మేలో ఆమె సైన్యంలో చేరారు. చదువు ఎంపికలో డబ్బుదే చివరిమాట కావడం మన మధ్యతరగతి ఇళ్లకు కొత్తేమీ కాదు. ఆర్గన్ మాత్రం ఆమెను వదల్లేదు. కొరియాలో యుద్ధం నడుస్తుండగా డ్యూటీ ముగిశాక పాదాలతో గాలి కొట్టే చిన్న ఆర్గన్ మీద సైనికుల ప్రార్థనలకు ఆమే వాయించారు.

1943 జనవరిలో ఆమెను పంపింది అస్సాంలోని లేడోకు. అక్కడి నుంచి బర్మా అడవుల గుండా చైనాకు దారి తొలిచే పని అప్పటికి నెల రోజుల కిందటే మొదలైంది. జపాన్ బర్మాను ఆక్రమించడంతో చైనాకు సరుకు చేరే నేలదారి మూసుకుపోయింది, అందుకే ఈ రోడ్డు. దానిమీద పనిచేసిన సుమారు 15 వేల మంది అమెరికన్ సైనికుల్లో అధికులు నల్లజాతివారు. వాళ్లతో పాటు వేలాది స్థానిక కూలీలు. లేడో నుంచి చైనాలోని కున్మింగ్ దాకా 1,700 కిలోమీటర్లకు పైబడిన ఆ దారి పూర్తయ్యేలోపు 1,100 మంది దాకా అమెరికన్లు చనిపోయారు. మైలుకొక మనిషి చొప్పున బలితీసుకున్న రోడ్డని పేరు పడింది. చనిపోయిన కూలీలను మాత్రం ఎవరూ అంత శ్రద్ధగా లెక్కపెట్టలేదు.

ఆ రోడ్డు మొదట్లోనే వెలిసిన 20వ నంబరు ఆస్పత్రి బృందంలో మెకేబ్ ఒక నర్సు. వెదురు తడికల గోడలు, మట్టి నేల. అస్సాం వాన ఎలా పడుతుందో చూసినవారికి ఆ మట్టి నేల సంగతి వేరే చెప్పనక్కరలేదు. బూట్లలోకి జలగలు, మంచాల కిందికి పాములు. తూటా తగిలి వచ్చినవారి కంటే మలేరియా, రక్త విరేచనాలు, స్క్రబ్ టైఫస్ జ్వరాలతో వచ్చినవారే ఎక్కువ. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో కనిపెట్టి అప్పటికి 46 ఏళ్లు అయింది. కారణం తెలిసినంత మాత్రాన అడవిలో దోమ ఆగుతుందా! దోమతెర కట్టారా లేదా, మాత్ర మింగారా లేదా అని మంచం మంచానికీ వెళ్లి చూసే మనిషి కావాలి. ఆ పని నర్సుది. కాలు కుళ్లి కోతకు వచ్చినవారు, అడవిలో రోజుల తరబడి మోసుకొస్తే తప్ప ఆస్పత్రి మొహం చూడనివారు... ఇరవై మూడేళ్ల ఆ అమ్మాయికి నర్సింగ్ స్కూలు నేర్పనివెన్నో లేడో నేర్పింది. రెండేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. 1945 ఏప్రిల్లో ఫస్ట్ లెఫ్టినెంట్ అయ్యారు.

యుద్ధం ముగిశాక చాలామంది నర్సులు ఇళ్లకు వెళ్లిపోయారు. ఆమె ఉండిపోయారు. 1950 సెప్టెంబరులో కొరియాలోని ఇంచాన్ తీరంలో అమెరికా సేనలు దిగినప్పుడు, వెనకే దిగిన 4వ ఫీల్డ్ హాస్పిటల్ బృందంలో ఆమె ఉన్నారు. నెలల వ్యవధిలో 25 వేలకు పైగా రోగులు ఆ ఆస్పత్రి గుమ్మం దాటారు. నర్సులు పదుల్లోనే. ఎముకలు కొరికే చలి, ఆపరేషన్ గదిలో చాలీచాలని సామగ్రి. అస్సాం అడవి కన్నా కొరియానే కష్టమనిపించిందని తర్వాతి కాలంలో ఆమె చెప్పుకున్నారు. ఈ రెండు అనుభవాలను కలిపి చూస్తే ఆమె తర్వాతి ఉద్యోగ జీవితం అర్థమవుతుంది. ఆస్పత్రికి ఏది లేకపోతే ఏమవుతుందో ఆమె ఫైళ్లలో చదివి తెలుసుకోలేదు.

1956లో వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనికాస్పత్రిలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు పేగు ఆపరేషన్ జరిగింది. ఆయనను చూసుకోవడానికి నియమించిన నర్సుల్లో ఆమె ఒకరు. ఆ పరిచయం స్నేహమై కడదాకా నిలిచింది. ఆ ఏడాదే విలియం హేస్‌ను పెళ్లాడారు. వికలాంగులకు పని చూపే కార్యశాలలను నడిపిన మనిషి ఆయన. కొద్ది సంవత్సరాలకే ఆయన పోయారు. ఉద్యోగం చేస్తూనే 1958లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ తీసుకున్నారు. 1968లో, నర్స్ కోర్ మొత్తానికి అధిపతిగా ఉంటూనే, వాషింగ్టన్‌లోని కేథలిక్ విశ్వవిద్యాలయం నుంచి మాస్టర్స్ పట్టా పుచ్చుకున్నారు. ఆసక్తి, పట్టుదల సరే. నర్సులకు పెద్ద చదువులెందుకని అనేవారికి అది మాటల్లేని జవాబు కూడా.

1967 సెప్టెంబరు 1న ఆమె ఆర్మీ నర్స్ కోర్‌కు 13వ అధిపతి అయ్యారు. వియత్నాం యుద్ధం ఉధృతంగా ఉన్న కాలం. హెలికాప్టర్లు గాయపడినవారిని నిమిషాల మీద ఆస్పత్రికి చేరుస్తున్నాయి. మునుపటి యుద్ధాల్లో దారిలోనే చనిపోయే స్థితిలో ఉన్నవాళ్లు ఇప్పుడు బతికి ఉండగా ఆపరేషన్ బల్ల మీదికి వస్తున్నారు. దానివల్ల నర్సు పని పెరిగింది, చిక్కుబడింది. ప్రత్యేక శిక్షణ పొందినవాళ్లు కావాలి. ఎవరిని పంపాలి, ఎంత శిక్షణ ఇచ్చి పంపాలి అన్నది అధిపతి చూసుకోవాలి. సుమారు 5 వేల మంది ఆర్మీ నర్సులు ఆ యుద్ధంలో పనిచేశారు, వాళ్లలో మగవాళ్లూ ఉన్నారు. హేస్ మూడుసార్లు వియత్నాం వెళ్లి ఆస్పత్రులు చూసి వచ్చారు. 1969 జూన్ 8న చూలాయ్‌లోని సైనికాస్పత్రి మీద రాకెట్ పడి ఫస్ట్ లెఫ్టినెంట్ షారన్ లేన్ చనిపోయింది. వియత్నాం పౌరులకు వైద్యం చేసే వార్డులో ఆమె డ్యూటీ. వయసు 25. ఆ యుద్ధంలో శత్రువు దాడికి నేరుగా బలైన ఒకే ఒక్క అమెరికన్ సైనిక నర్సు ఆమె.

వియత్నాంలో అమెరికా చేసిన పని తప్పని నాడు లోకంలో సగం మంది అన్నారు, నేడు అమెరికాలోనే చాలామంది అంటారు. సైనిక నర్సుల నాయకురాలిని మెచ్చుకుంటే ఆ యుద్ధాన్ని మెచ్చుకున్నట్టవుతుందా? కాదు. అలాగని సైన్యం పని వేరు, సేవ వేరు అని చేతులు దులుపుకోవడమూ కుదరదు. బాగుచేసిన సిపాయిని మళ్లీ తుపాకి పట్టుకోవడానికి పంపడమే సైనికాస్పత్రి ఉద్దేశం. ఆ సంకటం ఫ్లోరెన్స్ నైటింగేల్ నాటినుంచీ ఉన్నదే. అయితే యుద్ధం చేయాలో వద్దో నిర్ణయించిన బల్ల దగ్గర ఏ నర్సుకూ కుర్చీ వేయలేదు. ఆ నిర్ణయం వల్ల చితికిన శరీరాలను మాత్రం ఆమె ముందు పెట్టారు. వాటిని ఆమె ఎలా చూసుకుంది అన్నంతవరకే ఆమెను ప్రశ్నించగలం.

హేస్ అధిపతి అయిన రెండు నెలలకు, 1967 నవంబరు 8న, మహిళల పదోన్నతుల మీద ఉన్న పరిమితులు ఎత్తేసే చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశారు. కప్పు తీసేసినా, అక్కడి దాకా ఒకరిని ఎక్కించడానికి సైన్యానికి మరో రెండున్నరేళ్లు పట్టింది. 1970 జూన్ 11న హేస్ బ్రిగేడియర్ జనరల్ అయ్యారు. అమెరికా సైన్యానికి అప్పటికి 195 ఏళ్లు. అంత చరిత్రలో ఆ హోదా పొందిన మొదటి మహిళ ఆమె. మరికొద్ది నిమిషాల్లో అదే వేదిక మీద మహిళా దళం డైరెక్టర్ ఎలిజబెత్ హోయిసింగ్టన్‌కు కూడా ఆ హోదా ఇచ్చారు. ఐసెన్‌హోవర్ పోయి ఏడాది దాటింది, ఆయన భార్య మేమీ ఆ వేడుకకు వచ్చారు. 1901 నుంచి పనిచేసిన నర్సులందరి కష్టానికీ జనరల్ హోదా తెలిపే ఈ నక్షత్రాలు గుర్తని హేస్ తన ప్రసంగంలో చెప్పారు.

ఆ రోజు జరిగిన మరో సంగతి పత్రికలకు ఎక్కింది. సైన్యాధిపతి వెస్ట్‌మోర్‌లాండ్ కొత్త జనరల్స్ ఇద్దరినీ ముద్దు పెట్టుకుని, మహిళా జనరల్స్‌ను అభినందించడానికి ఇది కొత్త మర్యాద అన్నారు. అందరూ నవ్వారు. ఆయన దాన్ని చనువనే అనుకుని ఉంటారు. మగ జనరల్‌కు సెల్యూట్, ఆడ జనరల్‌కు ముద్దు! ర్యాంకు ఇచ్చిన చేతికే ఆ ర్యాంకు అర్థం ఇంకా ఒంటబట్టలేదని ఆ చిన్న సరదా చెబుతుంది. ఆ రోజుల్లో ఆఫీసర్ల క్లబ్బులో ఆడవాళ్లు పక్క తలుపు గుండా లోపలికి రావాలన్న పద్ధతి ఉండేది. నక్షత్రం వచ్చాక హేస్ ముందు తలుపు గుండానే నడిచి వెళ్లారు. దానికి ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరితోనూ తగవు పెట్టుకోలేదు.

చరిత్ర పుస్తకాలు ఇక్కడితో ఆగుతాయి, ‘మొదటి మహిళ’ అని రాసి. మొదటివాళ్లను లెక్కపెట్టడం మనకు సరదా. మొదటి మహిళా పైలట్, మొదటి మహిళా కలెక్టర్, మొదటి మహిళా న్యాయమూర్తి. ఆ మొదటి మనిషి వెనక రెండో మనిషికి, వందో మనిషికి దారి ఎంత సులువైంది అని అడగడం మాత్రం అరుదు. హేస్ విషయంలో అడిగితే జవాబు ఉంది. 1951 నాటి అధ్యక్ష ఉత్తర్వు ఒకటి, గర్భవతి అయిన మహిళను, ఇంట్లో చిన్నపిల్లలున్న మహిళను సైన్యం నుంచి తీసేయడానికి వీలు కల్పించింది. ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చిన నర్సును, ఆమె ఎక్కువ అవసరమైన వేళలోనే, తల్లి అవుతోందని ఇంటికి పంపేవారు. గర్భం దాల్చినంత మాత్రాన వివాహిత అధికారిని తీసేయకూడదని, ఇంట్లో పిల్లల వయసు బట్టి రిజర్వు నర్సుల నియామకం నిర్ణయించకూడదని హేస్ సిఫారసు చేశారు. సైనికుడి భార్యకు దక్కే సౌకర్యాలు సైనికురాలి భర్తకు ఎందుకు దక్కవన్న ప్రశ్నా ఎత్తారు. అవి నెమ్మదిగా విధానాలయ్యాయి. భర్తకు సౌకర్యాల విషయం అమెరికా సుప్రీంకోర్టులో తేలడానికి 1973 దాకా పట్టింది. ఫొటోకు ఎక్కని ఈ కాగితాల పని లేకపోతే నక్షత్రం ఒక్కరి భుజం మీదే ఉండిపోయేది.

మన దేశపు కథను దీని పక్కన పెట్టి చూస్తే, ఒకరికి హోదా దక్కడానికీ అందరికీ దారి తెరవడానికీ ఉన్న తేడా ఇంకా తేటపడుతుంది. 1888లో పదిమంది బ్రిటిష్ నర్సులు బొంబాయిలో దిగడంతో ఇక్కడ సైనిక నర్సింగ్‌కు పునాది పడింది. 1926 అక్టోబరు 1న భారత సైనిక నర్సింగ్ సర్వీసు శాశ్వతంగా ఏర్పడింది. 1943 నాటి ఆర్డినెన్సు ఆ సర్వీసు నర్సులను కమిషన్డ్ అధికారులను చేసింది. హేస్ లేడో వార్డులో అరకొర ర్యాంకుతో పనిచేస్తున్న ఏడాది అది. అంటే కాగితం మీద మన నర్సులు అమెరికన్ నర్సుల కన్నా ఏడాది ముందున్నారు. 1976లో గెర్ట్రూడ్ ఆలిస్ రామ్ మన సైనిక నర్సింగ్ సర్వీసు అధిపతిగా మేజర్ జనరల్ హోదా అందుకున్నారు. భారత సైన్యంలో ఆ హోదా పొందిన మొదటి మహిళ ఆమె.

మరి ఆ మరుసటి ఏడాది ఏమైంది? సైనిక నర్సింగ్ సర్వీసు నిబంధనలతో 1977లో వచ్చిన ఉత్తర్వు, పెళ్లి చేసుకున్న నర్సింగ్ అధికారిణిని ఉద్యోగం నుంచి తీసేయవచ్చంది. గర్భం దాకా కూడా పోలేదు, పెళ్లి చాలు! ఆ నియమం కింద 1988లో ఒక లెఫ్టినెంట్ ఉద్యోగం పోయింది. ఆమె కోర్టు మెట్లెక్కారు. 1995లో ఆ నియమాన్ని ఉపసంహరించుకున్నారు గానీ, ఆమెకు న్యాయం దక్కింది 2024 ఫిబ్రవరిలో. పెళ్లి చేసుకుందని ఉద్యోగం తీసేయడం పచ్చి లింగవివక్ష అని, అలాంటి నియమం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పి, 60 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. 36 ఏళ్ల తర్వాత వచ్చిన పరిహారంతో పోయిన ఉద్యోగ జీవితం తిరిగి రాదు. సర్వీసు నెత్తిన మేజర్ జనరల్ కూర్చుని ఉండగానే కింద అలాంటి నియమం 18 ఏళ్లు చలామణీ అయింది. పైన ఒకరికి పీట వేసి, కింద వందమందికి గడియ పెట్టడం ఇలాగే ఉంటుంది.

సైన్యం దాకా ఎందుకు, మన ఊరి ఆస్పత్రి సంగతి చూద్దాం. ప్రైవేటు ఆస్పత్రుల నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ 2016లో సిఫారసులు చేసింది. 200 పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా, చిన్న ఆస్పత్రిలోనైనా నెలకు 20 వేలకు తగ్గకుండా ఇవ్వాలంది. అది ఏ మేరకు అమలవుతోందో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రాత్రి డ్యూటీలో ఉన్న ఏ నర్సును అడిగినా చెబుతుంది, అదీ చుట్టూ ఎవరూ లేనప్పుడు. కేరళ నుంచి వచ్చిన అమ్మాయిలే మన ఆస్పత్రులకు ఆధారమైన రోజులు పోయి, ఇప్పుడు పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి మన పిల్లలూ నర్సింగ్ చదివి వస్తున్నారు. వాళ్లలో ఎందరో గల్ఫ్‌కో, బ్రిటన్‌కో వెళ్లాలని పరీక్షలకు కూర్చుంటున్నారు. డబ్బు ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. అక్కడ తమ మాట వింటారన్నది మరో కారణం.

ఆనా మే హేస్ 1971 ఆగస్టు 31న పదవీ విరమణ చేసి, 2018 జనవరి 7న 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆర్లింగ్టన్‌లోని జాతీయ శ్మశానంలో చోటుకు అర్హురాలై ఉండీ ఆలెన్‌టౌన్‌లో తల్లిదండ్రుల పక్కనే సమాధి కోరుకున్నారు. ఆమె జీవితం నుంచి మనం తీసుకోవలసింది వీరపూజ కాదు, ఒక పద్ధతి. రోగి మంచం దగ్గర నిలబడి నేర్చుకున్నది నియమాలు రాసే గదిలోకి తీసుకుపోవడం ఆ పద్ధతి. మన ఆస్పత్రుల్లో పాలన డాక్టర్లది, లేదా మేనేజర్లది. ఏ వార్డుకు ఎందరు నర్సులు కావాలి, రాత్రి డ్యూటీ తర్వాత ఎన్ని గంటల విశ్రాంతి, కాన్పయిన నర్సు తిరిగి వస్తే ఆమె సీటు ఉంటుందా పోతుందా అన్నవి నర్సు లేని సమావేశాల్లో తేలుతున్నాయి. ఏటా మే 12న నర్సుల దినోత్సవం నాడు శాలువాలు కప్పడం మంచిదే. ఆ శాలువాల ఖర్చుతో పోలిస్తే ఖర్చే లేని పని ఇంకొకటి ఉంది. ఆస్పత్రి నడిపే ప్రతి కమిటీలో, ఆరోగ్యశాఖ నిర్ణయాలు చేసే ప్రతి బల్ల దగ్గర, వార్డులో పనిచేసి వచ్చిన ఒక నర్సుకు ఓటుతో సహా కుర్చీ వేయడం. ముందుగా దాన్ని ఏ ప్రభుత్వాస్పత్రి చేసి చూపినా, మిగిలినవాటిని ఎందుకు చేయలేదని మనం అడగవచ్చు.